మాయా శిలలను చూడబోయే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, హోండురస్ అడవుల్లో మాయా అనే ప్రాచీన ప్రజలు కట్టిన, ఇప్పుడు శిథిలమైన నగరాల గురించి, ముఖ్యంగా అక్కడి చెక్కడపు రాళ్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. జవాబుల్లో తరచూ వచ్చే ‘స్టెలా’ అంటే ఆలయాల ముందు, నడిబొడ్డు మైదానాల్లో నిలబెట్టిన ఎత్తైన రాతిపలక. దాని ముఖం మీద సాధారణంగా రాజు రూపం, పక్కలలో, వెనుక శాసనం ఉంటాయి.

ప్రశ్న: చిచెన్ ఇట్జా చూశాను. ఈసారి జనం తక్కువగా, చెక్కిన శిలలు ఎక్కువగా ఉన్న చోటికి వెళ్లాలని ఉంది. యాష్‌చిలాన్, కలక్‌ముల్, ఎల్ మిరాడోర్ అనే మూడు పేర్లు వింటున్నాను. రెండు వారాల్లో మూడింటినీ చూడవచ్చా?

చూడవచ్చు కానీ, మీ కోరిక చెక్కిన శిలలే అయితే మూడింటికీ వెళ్లవలసిన పని లేదు. ఈ మూడూ మూడు రకాల చోట్లు. ఎల్ మిరాడోర్ గ్వాటెమాలా ఉత్తర కొసన, పెతెన్ అడవిలో ఉంది. కార్మెలీతా అనే పల్లె నుంచి కంచర గాడిదల మీద సామాను వేసుకుని రెండు రోజులు నడిస్తే గాని చేరుకోలేరు; రానూపోనూ, చూడటానికీ కలిపి సాధారణంగా అయిదు రోజుల యాత్రగా దీన్ని నడుపుతారు. అక్కడి లా దాంతా కట్టడం సుమారు 72 మీటర్ల ఎత్తు ఉంటుంది, మాయా లోకంలోని అతి పెద్ద నిర్మాణాల్లో అది ఒకటి. అయితే ఆ నగరం క్రీస్తు శకం మొదలయ్యే నాటికే మహావైభవం చూసేసింది, రాజుల చరిత్రను నిలువురాళ్ల మీద తేదీలతో సహా చెక్కే ఆచారం విస్తరించింది ఆ తరువాతి శతాబ్దాల్లో. కాబట్టి నడక మీద, అడవి మీద మక్కువ ఉన్నవారికి ఎల్ మిరాడోర్ గొప్ప యాత్రే గానీ, శాసనాలు వెతుక్కుంటూ వెళ్లేవారికి అక్కడ దొరికేది తక్కువ.

కలక్‌ముల్ సంగతి ఇంకొంచెం చిత్రమైనది. మెక్సికోలోని కంపెచే రాష్ట్రంలో, ప్రధాన రహదారి వదిలి సుమారు 60 కిలోమీటర్లు సన్నని దారిలో రక్షిత అరణ్యంలోకి వెళ్లాలి. దారిలో మూడు చోట్ల రుసుములు కట్టవలసి ఉంటుంది: ఊరి ఉమ్మడి భూసంఘానికి ఒకటి, అరణ్య శాఖకు ఒకటి, పురావస్తు శాఖకు ఒకటి. అందుకని పెసోలు నగదుగా దగ్గర ఉంచుకోండి. మరే మాయా నగరంలోనూ లేనన్ని స్టెలాలు, నూటికి పైగా, ఇక్కడ దొరికాయి. ఈ సంఖ్య విని ఆశపడి వెళ్లినవారు చాలామంది నిరాశతో తిరిగి వస్తారు, ఎందుకంటే అక్కడి సున్నపురాయి మెత్తనిది, పన్నెండు వందల ఏళ్ల వానకు అనేక రాళ్ల ముఖాలు చెరిగిపోయాయి. 623లో నిలబెట్టిన రాజదంపతుల జంట స్టెలాల మీద కూడా ఆనవాళ్లు మాత్రమే మిగిలాయి. కలక్‌ముల్‌కు వెళ్లవలసింది దాని రెండవ కట్టడం మీదికి ఎక్కి, కనుచూపు మేర పరుచుకున్న అడవిని చూడటానికి, తికాల్ అనే మరో మాయా నగరాన్ని ఒక శతాబ్దం పాటు అణచి ఉంచిన ‘కాన్’ అనే సర్ప రాజ్యపు రాజధాని ఎంత పెద్దదో కాళ్లతో తెలుసుకోవడానికి.

మీ కోరికకు సరిగ్గా సరిపోయేది యాష్‌చిలాన్. మెక్సికో, గ్వాటెమాలాల సరిహద్దుగా ప్రవహించే ఉసుమసింటా నది అక్కడ ఒక పెద్ద మెలిక తిరుగుతుంది, నగరం ఆ మెలికలో ఉంది. మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రపు పలెంకే పట్టణం నుంచి ఫ్రోంతెరా కొరొసాల్ రేవు దాకా రోడ్డు, అక్కడి నుంచి మోటారు పడవ. నగరానికి వేరే దారి లేదు. రేవు దిగి కాస్త నడిచాక 19వ కట్టడం ఎదురవుతుంది. దీనికి ‘చిక్కుదారి’ అని పేరు. గబ్బిలాలు వేలాడే చీకటి గదుల గుండా వెళ్లి బయటపడితే నడిబొడ్డు మైదానంలో ఉంటారు. ఈ నగరపు ప్రత్యేకత నిలువురాళ్లకంటే ద్వారాలపై అడ్డంగా పరిచిన రాతిదూలాల్లో ఉంది, వాటి అడుగు భాగంలో చెక్కడాలు ఉంటాయి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి తల పైకెత్తి చూడండి, చూడకపోతే నగరంలో సగాన్ని వదిలేసి వచ్చినట్టే. పైకి వెళ్లే పొడవైన మెట్లెక్కితే 33వ కట్టడం వస్తుంది. దాని ముందున్న రాతి మెట్టు మీద ‘పక్షి జాగ్వార్’ అని పిలిచే రాజు బంతాట ఆడుతూ ఉంటాడు. దగ్గరగా చూస్తే ఆ బంతిలో మెలిపెట్టి కట్టేసిన బందీ కనిపిస్తాడు. ఆ కట్టడంలోనే తల తెగిన రాతి విగ్రహం ఒకటి ఉంది. ఆ తల తిరిగి మొండెం మీదికి చేరిన రోజున లోకం అంతమవుతుందని ఆ అడవిలో ఉండే లకండోన్ ప్రజల నమ్మకం.

మిగిలిన రోజులు పెతెన్‌లోని సయాష్చే వైపు మళ్లించండి. పాసియోన్ నది మీద సెయ్‌బాల్ ఉంది. అక్కడి సున్నపురాయి గట్టిది కావడం వల్ల చెక్కడాలు నిన్నమొన్న చేసినంత పదునుగా నిలిచాయి. 849లో ఒకే కట్టడానికి నాలుగు వైపులా నాలుగు, లోపల ఒకటి చొప్పున నిలబెట్టిన అయిదు స్టెలాలు చూడదగినవి. చుట్టూ నగరాలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్న కాలంలో ఆ రాజు ఇంత ఆర్భాటంగా కాలఖండపు ముగింపు ఉత్సవం జరపడం ఆలోచించవలసిన విషయం.

ప్రశ్న: ఆ లిపి నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుందంటారు. ఏమీ తెలియకుండా వెళ్తే రాళ్ల ముందు ఫోటోలు దిగి రావడమే అవుతుందేమో. ఏం చేయాలి?

లిపి మొత్తం నేర్వడానికి ఏళ్లు పడుతుందన్నది నిజం, కానీ తేదీ చదవడం ఒక సాయంత్రంలో వస్తుంది. వెళ్లే ముందు ఈ ఒక్కటి నేర్చుకుని వెళ్లండని అడిగిన వారందరికీ చెబుతాను, ఎందుకంటే తేదీ దొరికిన క్షణాన ఆ రాయి ఎవరి కాలంలోదో, ఏ సందర్భానిదో వెతికి పట్టుకునే కొస మీ చేతికి వస్తుంది.

చుక్క అంటే ఒకటి, గీత అంటే అయిదు. ఒక గీత, నాలుగు చుక్కలు కలిస్తే తొమ్మిది. సున్నాకు వేరే గుర్తు ఉంది. శాసనం మొదట్లో మిగిలిన వాటికంటే పెద్దదిగా ఒక చిత్రాక్షరం కనిపిస్తే, దాని వెంటనే దీర్ఘగణన తేదీ రాబోతోందని అర్థం. అక్కడి నుంచి రెండేసి నిలువు వరుసలను జంటగా తీసుకుని, ఎడమ గడి, కుడి గడి, ఆ తరువాత కింది జంట, ఇలా దిగుతూ చదవాలి. మొదటి అంకె బక్తున్‌లు, అంటే 1,44,000 రోజుల కట్టలు. తరువాత 7,200 రోజుల కతున్‌లు, 360 రోజుల తున్‌లు, 20 రోజుల వినాల్‌లు, చివరికి విడి రోజులు. ఈ లెక్క క్రీస్తు పూర్వం 3114 ఆగస్టులో మొదలవుతుంది. మీరు చూడబోయే స్టెలాల్లో అత్యధికం 9వ అంకెతో మొదలవుతాయి, ఆ బక్తున్ 435 నుంచి 830 దాకా నడిచింది.

గ్వాటెమాలాలోని కిరిగువాలో ‘ఇ’ అని పేరు పెట్టిన స్టెలాను ఉదాహరణగా తీసుకుందాం. నేలలో పాతిన భాగంతో కలిపి పదిన్నర మీటర్ల పైచిలుకు పొడవున్న ఇసుకరాయి అది, మాయా ప్రజలు నిలబెట్టిన ఏకశిలల్లో అతి పెద్దది. దాని తేదీ 9.17.0.0.0. తొమ్మిది బక్తున్‌లు, పదిహేడు కతున్‌లు కలిపితే 14,18,400 రోజులు. మొదటి రోజు నుంచి అన్ని రోజులు లెక్కిస్తే 771 జనవరికి చేరతాం. చివర మూడు సున్నాలు ఉన్నాయంటే ఒక కతున్ ముగిసిందన్నమాట. స్టెలాల్లో చాలావరకు ఇలాంటి కాలఖండాల ముగింపులకు నిలబెట్టినవే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చుక్కలూ గీతలూ కాకుండా, అంకెల స్థానంలో దేవతల తలలు చెక్కే పద్ధతి కూడా ఉంది. కిరిగువా శిల్పులు అంతటితో ఆగక, 766 నాటి ‘డి’ స్టెలా మీద ఒక్కో అంకెనూ ఒక్కో కాలాన్నీ పూర్తి శరీరాలున్న దేవతలుగా, జంతువులుగా ఒకదానితో ఒకటి పెనవేసుకున్నట్టు చెక్కారు. అక్కడ మీ సాయంత్రపు పాఠం పనిచేయదు, ఊరికే నిలబడి చూడవలసిందే.

ఇలా తేదీలను వరుసగా పెట్టి చూడటం వల్లనే ఈ శాసనాల గుట్టు బయటపడింది. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా వీటిని గ్రహగతుల లెక్కలుగా, పూజారుల చిత్రాలుగా భావించిన పండితులే ఎక్కువ. తతియానా ప్రొస్కురియకోవ్ అనే పరిశోధకురాలు గ్వాటెమాలాలోని పియెద్రాస్ నెగ్రాస్ అనే మాయా నగరపు స్టెలాలను గుంపులుగా విడదీసి, ఏ గుంపులోని తేదీల వ్యవధీ ఒక మనిషి ఆయుష్షును మించడం లేదని గమనించి, అవి రాజుల జననాలు, పట్టాభిషేకాలు అని 1960లో ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందే హైన్రిష్ బెర్లిన్ ఒక్కో నగరానికీ ఒక్కో చిహ్నాక్షరం ఉందని గుర్తించారు. 1952లో యూరి క్నోరొజోవ్ ఈ లిపిలో అక్షరధ్వనులు ఉన్నాయని చూపారు. ప్రొస్కురియకోవ్ చితాభస్మాన్ని 1998లో పియెద్రాస్ నెగ్రాస్‌లోనే పాతిపెట్టారు.

ప్రశ్న: మా మిత్రుడు తెచ్చిన ఫోటోల్లో చెక్కడాలు చదునుగా, ఏమీ తెలియకుండా ఉన్నాయి. పుస్తకాల్లో మాత్రం గీత గీతా కనిపిస్తుంది. పుస్తకాల వాళ్లు రాతికి ఏమైనా పూస్తారా?

పూయరు. తేడా అంతా వెలుగుది. లోతు తక్కువ చెక్కడం మీద ఎండ ఎదురుగా పడితే నీడ ఉండదు, నీడ లేకపోతే గీత లేదు. రాతి ముఖానికి దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వెలుగు తాకినప్పుడు చెరిగిపోయిందనుకున్న గీత కూడా లేచి నిలబడుతుంది. హార్వర్డ్ పీబాడీ మ్యూజియం తరఫున మాయా శాసనాలన్నింటినీ నమోదు చేసే పనిని దశాబ్దాల పాటు నడిపిన ఇయన్ గ్రాహం, రాత్రిపూట దీపాన్ని రాతికి పక్కగా పట్టించి ఫోటోలు తీసేవారు. సందర్శకులకు రాత్రి ప్రవేశం ఉండదు కనుక తలుపులు తీయగానే లోపలికి వెళ్లండి. రాయి ఏ దిక్కు చూస్తోందో తెలుసుకుని, దానికి ఏటవాలుగా ఎండ పడే సమయానికి తిరిగి దాని దగ్గరికి రండి. యాష్‌చిలాన్ దూలాలకు కావలిమనిషిని అడిగి చిన్న టార్చిని అంచు నుంచి పట్టి చూడవచ్చు. కుడ్యచిత్రాలున్న బొనాంపాక్‌లో మాత్రం ఫ్లాష్ నిషిద్ధం.

రాతి మీద నీళ్లు చల్లడం, సుద్ద రుద్దడం, గీతల వెంట వేలు పోనివ్వడం చేయకండి. పక్కనున్న సందర్శకుడు చేస్తుంటే వద్దని చెప్పండి. మెర్ల్ గ్రీన్ రాబర్ట్‌సన్ అనే కళాకారిణి ఒకప్పుడు పలుచని కాగితం, సిరాతో రాళ్లకు అచ్చులు తీసి గొప్ప సేవ చేశారు, ఆ తరువాత చెడిపోయిన, దోపిడీకి గురైన శిలలకు కొన్నిచోట్ల ఆ అచ్చులే ఆధారం. అయినా అది అనుమతితో, నిపుణుల చేతులతో జరిగిన పని. మెక్సికోలో ట్రైపాడ్, డ్రోన్ వాడాలన్నా పురావస్తు శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి.

ప్రశ్న: యాష్‌చిలాన్ దూలాల్లో అతి అందమైనవి లండన్‌లో ఉన్నాయని చదివాను. అసలువి అక్కడ ఉంటే, ఇంత కష్టపడి అడవికి వెళ్లడం ఎందుకు?

మీరు చదివింది సరైనదే. 23వ కట్టడం రాణి కబాల్ షోక్‌ది. దాని మూడు ద్వారాలపై ఉన్న దూలాల్లో 24, 25 సంఖ్యలవి బ్రిటిష్ మ్యూజియంలో, 26వది మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో ఉన్నాయి. 24వ దానిలో, 709 నాటి ఘట్టంలో, రాణి మోకరిల్లి ముళ్లతాడును నాలుకలోంచి లాగుతుంటుంది, రాజు పెద్ద కాగడా పట్టుకుని పైన నిలబడి ఉంటాడు. చేనేత వస్త్రపు అంచులోని అల్లిక కూడా రాతిలో పోల్చుకోగలం. ఆల్ఫ్రెడ్ మాడ్‌స్లే అనే బ్రిటిష్ అన్వేషకుడు 1880ల తొలి సంవత్సరాల్లో, బరువు తగ్గించడానికి దూలాల వెనుక భాగాన్ని చెక్కించి పలచబరిచి తరలించాడు.

చెక్కడాన్ని చూడటానికి మ్యూజియమే మేలైన చోటు. ఇందులో సందేహం పెట్టుకోవద్దు. కంటి ఎత్తున, పక్క నుంచి పడే దీపంతో, ఎంతసేపైనా చూడవచ్చు. కానీ మ్యూజియం గోడకు నిలువుగా బిగించిన దూలం మీకు ఒక విషయం చెప్పలేదు. ఆ బొమ్మలు తలపైన, కిందికి తిరిగి, గుమ్మం దాటే మనిషికి మాత్రమే క్షణకాలం కనిపించేవి. రాణి రక్తతర్పణం కింద నుంచి నడిచి ఆమె గదిలోకి అడుగుపెట్టడం ఎలా ఉండేదో ఆ ఇరుకు గుమ్మంలో నిలబడితేనే తెలుస్తుంది. వీలైతే ముందు మ్యూజియం, తరువాత అడవి అన్న క్రమం పెట్టుకోండి. మెక్సికో నగరం మీదుగా వెళ్లేవారికి ఇది సులువు. గ్వాటెమాలా నగరంలోని జాతీయ పురావస్తు మ్యూజియంలో పియెద్రాస్ నెగ్రాస్ శిలలు కొన్ని ఉన్నాయి. పియెద్రాస్ నెగ్రాస్‌కు వెళ్లడం ఇప్పటికీ కష్టమే కనుక చాలామందికి ఆ మ్యూజియమే గతి.

తరలింపు ప్రతిసారీ సాగలేదు. యాష్‌చిలాన్ 11వ స్టెలాను 1960లలో మెక్సికో నగరానికి పంపబోతే, విమానానికి మించిన బరువని తేలి, మళ్లీ వెనక్కి తెచ్చారు.

ప్రశ్న: డెబ్బై దాటిన అమ్మానాన్నలతో వెళ్తున్నాం. మెట్లు ఎక్కలేరు. వారు చూడగలిగే చోటు ఏదైనా ఉందా?

కిరిగువా, కోపాన్. కిరిగువా మోతాగువా నది మైదానంలో, అరటి తోటల మధ్య, రహదారికి దగ్గరలో ఉంది. నేలంతా చదును, స్టెలాలన్నీ కప్పుల కింద నిలబడి ఉంటాయి, ఎక్కవలసినదేమీ లేదు. గ్వాటెమాలా పది సెంతావోల నాణెం మీద ఉన్నది కిరిగువా శిలే. సరిహద్దు దాటి హోండురస్‌లోకి వెళ్తే కోపాన్. అక్కడి రాయి అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడింది కాబట్టి శిల్పులు దాదాపు విగ్రహమంత లోతుగా చెక్కగలిగారు. పెద్ద మైదానంలోని స్టెలాల్లో చాలావరకు పదమూడవ రాజు వాక్షక్లహూన్ ఉబాహ్ కవీల్ నిలబెట్టినవే, ‘సి’ స్టెలా మీద ఎర్రరంగు జాడలు ఇంకా కనిపిస్తాయి.

ఈ రెండు ఊళ్లనూ ఒకదాని వెంట ఒకటి చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కోపాన్ రాజు ఆధ్వర్యంలోనే గద్దె ఎక్కిన కిరిగువా పాలకుడు కాక్ తిలివ్ చాన్ యోపాత్, 738లో ఎదురు తిరిగి అతన్ని పట్టుకుని తల నరికించాడు. కిరిగువా శాసనాలు దీన్ని మళ్లీ మళ్లీ చాటుకుంటాయి; కోపాన్ మెట్ల శాసనం తమ రాజు యుద్ధంలో మరణించినట్టు చెబుతుంది. ఆ మెట్ల మీద రెండు వేలకు పైగా చిత్రాక్షరాలున్నాయి, మెట్లు ఎక్కనివ్వరు, కింది నుంచే చూడాలి, కాబట్టి మీ అమ్మానాన్నలకు లోటేమీ ఉండదు. పైగా 771 నాటి ఆ మహాశిలను నిలబెట్టినది కూడా ఈ కిరిగువా రాజే.

ప్రశ్న: ఏ నెలల్లో వెళ్లాలి? దారులు క్షేమమేనా?

డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. ఏప్రిల్, మేలలో ఎండ దహిస్తుంది. ఆ తరువాత అక్టోబరు దాకా వానలు, ఎల్ మిరాడోర్ దారి మోకాటి లోతు బురద. దోమలతో పాటు ఇసుక ఈగలు కూడా ఉంటాయి. ఇవి కుడితే సోకే చర్మవ్యాధిని అక్కడ జిగురు సేకరించేవారి పుండు అని పిలుస్తారు, ఎందుకంటే చూయింగ్ గమ్ కోసం సపోటా చెట్ల పాలు తీసే కూలీలకు అది ఎక్కువగా వచ్చేది. (ఎన్నో శిథిలాలను బయటి లోకానికి చూపించినది ఆ కూలీలే, వారి పేర్లు మాత్రం ఏ ఫలకం మీదా కనబడవు.) నిండు చేతుల చొక్కా, గట్టి బూట్లు తప్పనిసరి. దారి వదిలి పొదల్లోకి వెళ్లకండి, అక్కడి విషసర్పాలు ఆకుల్లో కలిసిపోతాయి.

క్షేమం సంగతి నెలనెలా మారుతుంది. చియాపాస్ సరిహద్దు ప్రాంతంలో నేరముఠాల ఘర్షణల వల్ల 2023 చివర, 2024 ఆరంభంలో యాష్‌చిలాన్‌కు వెళ్లడం కుదరలేదు. బయలుదేరే ముందు పురావస్తు శాఖ ప్రకటనలు చూడండి, పలెంకేలో స్థానిక యాత్రా నిర్వాహకులను అడగండి, చీకటి పడ్డాక ఆ సరిహద్దు రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోకండి. వారు వద్దంటే ఆ రోజుకు మానేసి పలెంకేలోనే ఉండిపోండి.

ప్రశ్న: పల్లెల్లో పాత చెక్కడపు ముక్కలు అమ్ముతారని విన్నాను. చిన్నదొకటి కొనుక్కోవచ్చా?

కొనకూడదు. కొత్తగా చెక్కి పాతదని అమ్మితే మీరు మోసపోయినట్టు, నిజంగానే పాతదైతే నేరంలో భాగస్తులైనట్టు. మెక్సికోలో 1972 చట్టం ప్రకారం పురావస్తు శిలలన్నీ జాతి ఆస్తి, గ్వాటెమాలా చట్టం కూడా వాటిని దేశం దాటనివ్వదు. 1960లలో దొంగలు స్టెలాల ముఖాలను రంపాలతో కోసి, ముక్కలుగా పగలగొట్టి విదేశీ వ్యాపారులకు చేర్చారు. పెతెన్‌లోని మచకిలా నుంచి అలా పోయిన రెండవ స్టెలా కేసులో అమెరికా న్యాయస్థానం 1970లలో నేరనిర్ధారణ చేసింది, రాయి గ్వాటెమాలాకు తిరిగి వచ్చింది. చాలావాటికి ఆ అదృష్టం పట్టలేదు. ముక్కను దాని చోటు నుంచి కదిలించాక, దాని మీది తేదీ ఏ నగరపు ఏ రాజుదో చెప్పే ఆధారం కూడా తరచుగా పోతుంది. మీకు ఎవరైనా అలాంటిది చూపిస్తే బేరం ఆడకండి, ఫోటో అడగకండి. వెళ్లిపోయి, దగ్గరలోని శిథిల స్థలపు కావలి కార్యాలయంలో ఆ ఊరి పేరు చెప్పండి. జ్ఞాపకంగా ఏదైనా తెచ్చుకోవాలనుంటే ఈనాటి శిల్పి తన పనిగా అమ్మే కొత్త చెక్కడం కొనుక్కోండి, కొనుగోలు రసీదు మాత్రం విమానాశ్రయం దాటేదాకా పారేయకండి.